నర్సమ్మ వేషం

ఆదివారం సాయంత్రం అయ్యిందంటే ఆ దవాఖానలో ఎవరికీ నొప్పులుండేవి కావు. గద్వాలలో పంటలమ్మే గంజి వెనక, రేకుల కప్పు వేసిన ట్రస్టు దవాఖాన అది. ఆడవాళ్ళ వార్డు చివరి గోడకు ఆనించి ఒక చెక్కబల్ల, దాని మీద చిన్న టీవీ ఉండేవి. పత్తి విత్తనాల సేటు ఒకాయన, భార్య కాన్పు సుఖంగా జరిగిన సంతోషంలో ఇచ్చిన టీవీ అది. 'సూదిమందు' మొదలయ్యే వేళకు లేవగలిగినవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. లేవలేనివాళ్ళ మంచాలను ఆయా కిష్టమ్మ నడుముతో నెట్టి టీవీ వైపు తిప్పేది. మగవాళ్ళ వార్డు నుంచి సెలైను సీసా ఒక చేత్తో ఎత్తి పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. నడిమధ్యలో కరెంటు పోతే లేచే మూలుగులు ఆపరేషన్ల రోజున కూడా వినబడేవి కావు.

'సూదిమందు' నర్సుల మీద తీసిన నవ్వుల సీరియల్. అందమైన సిస్టర్ మాధురి, ఆమె వెంటపడే మతిమరుపు డాక్టరు, ఎప్పుడూ విసుక్కునే హెడ్ నర్సు అందులో ఉండేవాళ్ళు. కానీ అందరికంటే ఎక్కువ నవ్వించేది ఆయా నర్సమ్మ. పేరే నర్సమ్మ కావడంతో రోగి ఎవరు "నర్సమ్మా!" అని పిలిచినా నర్సు కంటే ముందు ఆమె చీపురుతో సహా ఉరికి వచ్చి, "ఏంది, నన్నే పిలిచిండ్రా?" అనేది. టీవీలో నవ్వులు పడేవి, వార్డులో నవ్వులు వాటితో కలిసిపోయేవి. ఆ సీరియల్ దవాఖానలో అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడితే నర్సమ్మ ఒక్కతే గద్వాల ఇళ్ళల్లో వినబడే పాలమూరు వైపు మాట మాట్లాడేది.

స్టాఫ్ నర్సు నీలవేణి ఆ అరగంటా గుమ్మం పక్కన స్టూలు వేసుకొని, ఒళ్ళో కట్లు కట్టే గాజుగుడ్డ పెట్టుకొని కత్తిరిస్తూ చూసేది. కళ్ళు తెర మీద ఉన్నా వేళ్ళు పని మానేవి కావు. అంచులు లోపలికి మడిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా చదరంగా నొక్కి పక్కన పెట్టేది. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి పోగుల సంగతి ఆమెకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు.

నర్సమ్మ ఏదైనా అన్న మరుక్షణం అదే మాట, అదే గొంతులో, అదే విరుపుతో నీలవేణి నోటి నుంచి వచ్చేది. వార్డు ఇంకోసారి నవ్వేది.

"అక్కా, ఎట్లొస్తదక్కా నీకు?" అని కొత్తగా చేరిన నర్సు యమున పొట్ట పట్టుకొనేది. "మామూలుగా నువ్వు మాట్లాడితే మీది గుంటూరో విజయవాడో అనుకుంటరు."

అదీ నిజమే. హైదరాబాదులో నర్సింగు చదివిన మూడేళ్ళలో హాస్టలు పిల్లలు నవ్విన మాట ఒక్కొక్కటీ విడిచిపెడుతూ వచ్చింది నీలవేణి. డ్యూటీలో తెల్లచీర కట్టుకున్నాక ఆమె నోట "ఏమిటి", "ఎందుకు", "వస్తాను" తప్ప వేరే పలికేది కాదు. రోగులు "మీదేవూరమ్మా?" అని అడిగితే ఊరి పేరు చెప్పకుండా, "ముందు మీ మందు వేసుకోండి" అని నవ్వేది.

ఆ ఏడు నర్సుల దినం గురువారం పడింది. దానికి ముందు ఆదివారం సీరియల్ అయిపోగానే యమున చప్పట్లు కొట్టి, ఈసారి పాటలూ ఉపన్యాసాలూ వద్దు, 'సూదిమందు' లెక్కనే ఒక నాటకం వేద్దామంది. హెడ్ నర్సు విజయమ్మది తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు. తొందరగా నవ్వే మనిషి కాదు. ఆమె కూడా, "సరే, కానీ డ్యూటీలు చెడగొట్టుకోవద్దు" అంది. మాధురి వేషం యమునకు, డాక్టరు వేషం మందులిచ్చే దినేష్‌కు కుదిరాయి. నర్సమ్మ ఎవరన్న ప్రశ్నే రాలేదు. అందరూ నీలవేణి వైపు చూశారు.

ఆమె కత్తెర పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, చీపురు పట్టినట్టు చెయ్యి చాపి, "ఏంది, నన్నే పిలిచిండ్రా?" అంది. వార్డు మొత్తం గొల్లుమంది.

మరునాడు పొద్దున రౌండ్లకు శ్రీనాథ్ వచ్చాడు. దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. జేబులో పిప్పరమెంట్లు వేసుకొని తిరిగి, ఏడ్చే పిల్లలకు ఇచ్చేవాడు. ఆయన వెంట విజయమ్మ, ట్రే పట్టుకొని నీలవేణి, వెనక యమున నడిచారు.

కిటికీ పక్క మంచం రుక్కమ్మది. ధరూర్ వైపు పల్లె, వేరుశనగ, వరి చేసుకునే ఇల్లు. పెద్ద డాక్టరు గర్భసంచి తీసి రెండు మూడు రోజులైంది. డాక్టరు దగ్గరికి రాగానే కొంగు సర్దుకొని, చేతుల మీద బలం వేసి కాస్త పైకి జరిగింది.

"ఎలా ఉందమ్మా?"

"కుట్లకాడ సలుపుతుంది సారూ. లోపట ఎవలో కూసొని గిల్లుతున్నట్టుంది."

శ్రీనాథ్ పెన్ను ఆపాడు. ముఖం నిండా నవ్వు వచ్చింది. "ఎవలో కూసొనా? ఏదీ, మళ్ళీ చెప్పు."

డాక్టరుకు వినబడలేదేమో అనుకొని రుక్కమ్మ గొంతు పెంచింది. "ఎవలో కూసొని గిల్లుతున్నట్టుంది సారూ, లోపట!"

"అచ్చం నర్సమ్మే!" అన్నాడు శ్రీనాథ్ విజయమ్మ వైపు తిరిగి. "సీరియల్‌వాళ్ళు చూస్తే ఎత్తుకుపోతారు. ఎవరమ్మా లోపల కూర్చున్నది? నర్సమ్మేనా?"

యమున నవ్వింది. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. నీలవేణి చేతిలోని ట్రే కదిలేటంత నవ్వు ఆమెకూ వచ్చింది.

రుక్కమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. ముందు తనూ నవ్వబోయింది, ఏదో మంచి మాట అన్నట్టున్నాననుకొని. ఆ నవ్వు సగంలోనే ఆగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మెల్లగా వెనక్కి జారి పడుకుంది. శ్రీనాథ్ పట్టీని పైపైన చూశాడు. తడి లేదు, రక్తం లేదు. "కొత్తలో సలుపు ఉంటుందిలే" అని తర్వాతి మంచానికి వెళ్ళిపోయాడు.

నీలవేణి వెళుతూ వెనక్కి చూసింది. రుక్కమ్మ కిటికీ వైపు తిరిగి పడుకొని ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి మగ్గం గుంటలో తండ్రి గోవిందు అంచు నేస్తున్నాడు. తల్లి రేణుకమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. జరీ దారం వేళ్ళ మధ్య నుంచి సన్నగా జారుతోంది. నీలవేణి కాళ్ళు కడుక్కొని వచ్చి, గోడకున్న అద్దం ముందు కొంగు నడుముకు దోపి, గురువారానికి మాటలు పలుకుతూ నిలబడింది. "నేనేం చేసిన సిస్టరమ్మా, సీసా కింద పడ్డది, నేను పడెయ్యలే గద!"

రాట్నం ఆగింది. రేణుకమ్మ పెద్దగా నవ్వింది. "ఏందే, నన్నే చేస్తున్నవా?"

"నిన్ను కాదమ్మా, సీరియల్ల ఆయామె."

"ఎవలైతేంది, అచ్చం నా లెక్కనే ఉంది. ఆ చెయ్యి తిప్పుడు కూడ నాదే." తండ్రి వైపు తిరిగి, "సూసినవా, నీ బిడ్డ నన్నెట్ల జేస్తుందో" అంది మురిపెంగా. మళ్ళీ రాట్నం తిప్పింది.

నీలవేణి అద్దంలో చెయ్యి వంక చూసుకుంది. తల్లి చెప్పింది నిజమే. కొంగు విప్పి కిందికి వదిలేసి, పొయ్యి మీద ఏముందో చూడటానికి లోపలికి పోయింది. ఆ సాయంత్రం మళ్ళీ అద్దం ముందు నిలబడలేదు.

మంగళవారం రుక్కమ్మ బాగానే ఉన్నానంది. బుధవారమూ అదే మాట. "నొప్పి ఉందా అమ్మా?" అని నీలవేణి అడిగితే తల అడ్డంగా ఊపేది. "జ్వరంగా అనిపిస్తోందా?" అంటే, "లేదమ్మా" అని కళ్ళు మూసుకునేది. థర్మామీటరులో కాస్త వేడి కనబడింది. మే నెలలో ఆ రేకుల కింద చల్లగా ఉన్న ఒళ్ళు ఎవరిదని ఎవరూ పట్టించుకోలేదు. గంజి సగం తాగి, తోడున్న కోడలికి ఇచ్చేసేది. అంతకుముందు పక్క మంచాలవాళ్ళతో పొలం సంగతులూ బర్రె ఈనిన సంగతీ తెగ చెప్పిన మనిషి, ఇప్పుడు నీళ్ళు కావాలన్నా చేత్తో చూపేది.

బుధవారం మధ్యాహ్నం నీలవేణి, కిష్టమ్మ కలిసి డ్రెస్సింగు డ్రమ్ము నింపుతున్నారు. కిష్టమ్మ దూదిని పీకి అరచేతుల మధ్య ఉండలు చేసి ఇస్తుంటే నీలవేణి వాటిని మడిచిన గుడ్డల పక్కన వరసగా పేరుస్తోంది. అప్పుడే యమున తొంగి చూసి, సాయంత్రం ఒకసారి అందరం కలిసి నాటకం మాటలు చెప్పి చూసుకుందామని అంది.

"నేను వెయ్యను యమునా. ఇంకెవరినైనా చూసుకో."

యమున తెల్లబోయింది. బతిమాలింది, కోపం తెచ్చుకుంది, రేపు పొద్దుగూకేసరికి నాటకమని గుర్తుచేసింది. నీలవేణి డ్రమ్ములోంచి తల ఎత్తలేదు. చివరికి యమున కళ్ళనీళ్ళతో వెళ్ళిపోయింది.

కిష్టమ్మ దూది ఉండను అరచేతిలోనే పెట్టుకొని చూస్తోంది. "ఎందుకెయ్యవు? మంచిగ జేస్తవు గద."

"మొన్న రుక్కమ్మను చూశావు కదా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ అదే మాటను పెద్ద డాక్టరు ముందర, ఇంతమంది ముందర ఎక్కిరించాలా?" నీలవేణి గొంతు తగ్గించింది. "నీకు మాత్రం బాధగా ఉండదా కిష్టమ్మా? ఆదివారం ఆదివారం ఆ నర్సమ్మను చూసి అందరూ నవ్వుతుంటే?"

"నాకెందుకు బాధ?" కిష్టమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "ఆమె వస్తెనే నేను సూస్త. ఆ తెల్లగున్నామె మాట్లాడేది నాకు సగం తెల్వనే తెల్వదు. టీవీల మన లెక్క మాట్లాడంగ నువ్వు ఎన్నడన్న ఇన్నవా? నేనైతే గిదే మొదలు. మొదటిసారి ఇన్ననాడు ఇంటికి పోయి మా ఆయనకు జెప్పిన, మనోళ్ళు టీవీలకెక్కిండ్రని."

"కానీ నవ్వుతారు కదా."

"నవ్వించెటామెను సూసి నవ్వరా మరి? రుక్కమ్మది వేరే. పాపం, ఆమె నొప్పి జెప్పుకున్నది. నొప్పి జెప్పుకుంటే నవ్వుడు పాడు బుద్ధి." దూది ఉండను డ్రమ్ములో వేసి, చేతులు దులుపుకొంది. "నువ్వెయ్యకుంటే నేనేస్త. ఆ పిల్ల ఏడ్సుకుంట పోయింది."

"నువ్వా?"

"ఏం, నాకు చీపురు వట్టుడు రాదా?"

గురువారం సాయంత్రం దవాఖాన వాకిట్లో నీళ్ళు చల్లి, రెండు మంచాలు అడ్డం నిలబెట్టి, వాటి మీద దుప్పట్లు కట్టి తెర చేశారు. పెద్ద డాక్టరు, శ్రీనాథ్ ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. రోగులు, వాళ్ళ మనుషులు చాపల మీద సర్దుకున్నారు. కోడలు బలవంతం మీద రుక్కమ్మ చక్రాల కుర్చీలో, పొట్టకు దిండు అదుముకొని ఒక పక్కన కూర్చుంది. నీలవేణికి హెడ్ నర్సు వేషం పడింది. విజయమ్మ కళ్ళజోడు అడిగి పెట్టుకుంది.

కిష్టమ్మకు యమున రాసిచ్చిన మాటలు ఒక్కటీ గుర్తులేవు. అసలు ఆమెకు చదువే రాదు. అయినా తెర జరిపి చీపురుతో వస్తూ, వాకిట్లో ఉన్న అందరినీ ఒకసారి చూసి, "ఏందమ్మా, గింతమంది కూసున్నరు? ఇయ్యాల ఫీజు మాఫా?" అంది. పెద్ద డాక్టరు మొదట నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. దినేష్ డాక్టరు వేషంలో స్టెతస్కోపు పెట్టి ఆమెనే పరీక్ష చేస్తే, "గుండెకాయ సప్పుడు ఇనరాకుంటే చెవుల దూది తియ్యుండ్రి సారూ" అంది. కిష్టమ్మ ఎవరినీ ఎక్కిరించడం లేదు. రోజూ వార్డులో తిరిగినట్టే తిరుగుతోంది, మాట్లాడినట్టే మాట్లాడుతోంది. చాపల మీద ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు వాలి నవ్వుతున్నారు.

హెడ్ నర్సు కోపంగా వచ్చి నర్సమ్మను కసరాలి. నీలవేణి కళ్ళజోడు సర్దుకొని వచ్చింది. "నర్సమ్మా! వార్డు ఊడ్చమంటే ఇక్కడేం చేస్తున్నావ్?"

కిష్టమ్మ చీపురు కింద పెట్టింది. నాటకంలో లేని మాట అంది. పొద్దున్నుంచి నీలవేణి ముఖం చూస్తూనే ఉందేమో, వేషం సంగతి మరిచి నిజంగానే అడిగింది. "అదట్లుండనీ బిడ్డా. నువ్వు తిన్నవా?"

"యాడ తింట కిష్టమ్మా, పొద్దుగాల్నుంచి తిరుగుడే అయితుంది. కాళ్ళు గుంజుతున్నయి."

మాట నోరు దాటాక గానీ నీలవేణికి తెలియలేదు. ఎక్కిరించే గొంతు కాదది. ఇంట్లో రాట్నం పక్కన కూర్చున్నప్పటి గొంతు. యమున నోరు తెరిచి చూస్తోంది. ఒక్క క్షణం వాకిట్లో ఎవరూ నవ్వలేదు. తర్వాత చాపల మీది నుంచి ఒక ముసలామె, "గిట్ల రా బిడ్డా, నేను వెడత బువ్వ!" అని అరిచింది. అప్పుడు లేచిన నవ్వు వేరే నవ్వు. నీలవేణి కూడా కళ్ళజోడు తీసేసి ఆ నవ్వులో కలిసింది. ఆపైన నాటకం ఎలా అయిపోయిందో ఎవరికీ పట్టలేదు.

దుప్పట్లు విప్పుతుంటే రుక్కమ్మ కోడలు వచ్చి, అత్త పిలుస్తోందని చెప్పింది. రుక్కమ్మ కుర్చీలో ముందుకు వంగి కూర్చొని ఉంది. నవ్వు వల్లో మరి దేనివల్లో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె నీలవేణి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకున్న చెయ్యి కాలుతోంది.

"నువ్వు మనదానివేనా బిడ్డా?"

"ఔ పెద్దమ్మా. గద్వాలే మాది. మగ్గాలోళ్ళం."

"ఇన్ని పొద్దులు జెప్పకపోతివి." దిండు కొంచెం పక్కకు జరిపింది. "నాకు మంచిగ లేదు బిడ్డా. లోపట ఎగిరెగిరి పడుతుంది. పెయ్యంత జరంతో కాలుతుంది. మల్ల జెప్తె మల్ల నవ్వుతరని ఊకున్న."

నీలవేణి ఆమెను లోపలికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టింది. చేతులు కడుక్కొని పట్టీ విప్పింది. కుట్ల కింది చివర చర్మం ఎర్రగా బిగుసుకొని, ముట్టుకుంటే రాయిలా ఉంది. యమునను డాక్టరు కోసం పంపింది.

శ్రీనాథ్ వాకిట్లోంచి నవ్వుతూనే వచ్చాడు. గాయం చూడగానే ఆ నవ్వు పోయింది. చొక్కా చేతులు పైకి మడిచి, కింది కుట్టు ఒకటి తీశాడు. చీము బయటికి వచ్చింది. రుక్కమ్మ నీలవేణి మణికట్టును గట్టిగా పట్టుకొంది గానీ అరవలేదు. శ్రీనాథ్ జాగ్రత్తగా, తొందరపడకుండా శుభ్రం చేశాడు. నీలవేణి ఒక్కొక్క గుడ్డ అందించింది. అంతా అయ్యాక ఆయన నుదురు తుడుచుకొని, మెత్తగానే, "ముందే చెప్పాలి కదమ్మా. ఇంకో రెండు రోజులైతే ఏమయ్యేదో" అన్నాడు.

రుక్కమ్మ కిటికీ వైపు చూసింది.

"చెప్పింది సారు," అంది నీలవేణి. చేతిలో ట్రే ఉంది. "సోమవారమే చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మీరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

గుమ్మంలో విజయమ్మ నిలబడి ఉంది. నీలవేణి అలా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. ఏమంటుందోనని యమున అటే చూసింది. విజయమ్మ లోపలికి వచ్చి, నీలవేణి చేతిలోంచి మురికి గుడ్డల ట్రే తను అందుకొని వెళ్ళిపోయింది. శ్రీనాథ్ చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

తర్వాత నీలవేణి ట్రస్టు దవాఖాన విడిచి, సర్కారు కొలువులో వనపర్తిలో కొన్నేళ్ళు, నాగర్‌కర్నూల్‌లో కొన్నేళ్ళు పనిచేసింది. 'సూదిమందు' మరుసటి ఏడే ఆగిపోయింది. ఆ నర్సమ్మ వేషం వేసినామె ఎవరో, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. నీలవేణి మాత్రం ఏ వార్డులో ఉన్నా ఇంటి మాటే మాట్లాడింది. కొత్తగా వచ్చిన నర్సులు నాటకం సంగతి చెప్పమని అడిగితే కిష్టమ్మ అన్న మాటలన్నీ చెప్పి నవ్వించేది. తన మనసులో మెదిలేది మాత్రం నాటకం మరునాటి పొద్దున.

శుక్రవారం రౌండ్లకు శ్రీనాథ్ ఒక్కడే, అందరికంటే ముందు వచ్చాడు. గుమ్మం పక్కనున్న స్టూలు తనే తెచ్చుకొని కిటికీ మంచం దగ్గర వేసుకొని కూర్చున్నాడు. నీలవేణి పట్టీ మారుస్తోంది. రుక్కమ్మకు జ్వరం తగ్గింది. రాత్రి గంజి మొత్తం తాగిందని కోడలు చెప్పింది.

"చెప్పమ్మా," అన్నాడు శ్రీనాథ్. ఎక్కడ చూడాలో తెలియక చేతిలోని పెన్ను చూసుకున్నాడు. "ఎట్లుంది? మొదటి నుంచీ చెప్పు. వింటాను."

రుక్కమ్మ నీలవేణి వైపు చూసింది. నీలవేణి తల ఊపింది.

"మొదటి నుంచంటే సారూ, శెనక్కాయ వీకెటప్పుడు మొదలైంది..." అని అందుకుంది రుక్కమ్మ. వేరుశనగ చేను, కూలి మనుషులు రాకపోవడం, నడుము పట్టేసి గట్టు మీదే కూలబడటం, భర్త మల్లయ్య షేర్ ఆటో కోసం రోడ్డుకు ఉరికితే ఆటోలో ముందే మూడు మేకలు ఉండటం, వాటి మధ్య పడుకొనే గద్వాల దాకా రావడం, అన్నీ చెప్పింది. ఆమె గొంతు తిరిగి పాత గొంతయింది. పక్క మంచాలవాళ్ళు మోచేతుల మీద లేచారు. కిష్టమ్మ తుడుపు గుడ్డ ఆపి నిలబడింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

"దారి పొడుగూత ఒక మేక నా మొకమే సూస్తుంది సారూ. అప్పుడనుకున్న, దీన్నీ కోతకే తీస్కవోతున్నరు, నన్నూ కోతకే తీస్కవోతున్నరని."

తన మాటకు తనే నవ్వు ఆపుకోలేక, కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకొని, రుక్కమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్వేదాకా ఆగి, అప్పుడు అందరూ నవ్వారు.